గర్భిణి, శిశువు, వంశం: ముస్లిం వైద్యుల అన్వేషణ, దాని వారసత్వం

హిజ్రీ 4వ శతాబ్దపు ఉత్తరార్ధంలో, అంటే క్రీస్తుశకం 10వ శతాబ్దంలో, ఒకదానికొకటి ఎంతో దూరాన ఉన్న మూడు నగరాలలో ముగ్గురు వైద్యులు ఒకే విషయాన్ని తీసుకొని మూడు గ్రంథాలు రచించారు. స్పెయిన్‌లోని ఖుర్తుబాలో అరీబ్ ఇబ్ను సఅద్, ఉత్తరాఫ్రికాలోని ఖైరవాన్‌లో ఇబ్నుల్ జజ్జార్, ఈజిప్టులో అహ్మద్ ఇబ్ను ముహమ్మద్ అల్ బలదీ - ఈ ముగ్గురూ ఇంచుమించు ఒకే తరానికి చెందినవారు. ముగ్గురూ ఎన్నుకొన్న విషయం గర్భిణీ స్త్రీ, గర్భస్థ పిండం, పాలు త్రాగే శిశువు, ఎదుగుతున్న బాలుడు.

అంతకు పూర్వం గ్రీకు, హిందూ వైద్యశాస్త్రాలలో ఈ విషయాలు లేకపోలేదు. అయితే తల్లినీ బిడ్డనూ ఒకే దృష్టితో చూసి, గర్భధారణ మొదలు యౌవనం వరకు మనిషి ఆరోగ్యాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా పరిగణించి, దానికొక గ్రంథాన్ని కేటాయించడం ఆ కాలంలో సామాన్య విషయం కాదు. ఈ రచనలు ఎట్లా పుట్టాయి, వాటిలో నిలిచినదేమిటి, వీగిపోయినదేమిటి, వెయ్యేళ్ళ తరువాత మన ఇండ్లలో జరిగే పెండ్లిండ్లకు, పురుళ్ళకు వాటితో గల సంబంధమేమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించబడుతుంది.

పరిశీలనకు తొలి పాఠాలు

వైద్యగ్రంథాలు రాకముందే, ప్రవక్త కాలపు అరబ్బు సమాజంలో శిశువును గురించి, వంశాన్ని గురించి కొన్ని ప్రశ్నలు తలెత్తాయి. హదీసు గ్రంథాలలో భద్రపరచబడిన రెండు ఉదంతాలు ఈ సందర్భంలో గమనించదగినవి.

బిడ్డకు పాలిస్తున్న కాలంలో భార్యాభర్తలు కలిస్తే ఆ బిడ్డ బలహీనుడవుతాడని అరబ్బులు నమ్మేవారు. దీనిని వారు 'గీలా' అనేవారు. దీనిని నిషేధించాలని దైవప్రవక్త (స) సంకల్పించారు. కాని రోమనులు, పారశీకులు అదే పని చేస్తున్నా వారి పిల్లలకు హాని కలుగడం లేదన్న విషయాన్ని గమనించి ఆ సంకల్పాన్ని విరమించుకొన్నారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. తరతరాల నమ్మకాన్ని ఇతర జాతుల అనుభవంతో పోల్చి చూసి నిర్ణయించడం ఇక్కడి విశేషం.

రెండవది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఉదంతం. ఒక ఎడారివాసి తన భార్య నల్లని బిడ్డను కన్నదని, ఆ బిడ్డ తనవాడేనా అని సందేహిస్తూ ప్రవక్త (స) వద్దకు వచ్చాడు. ఆయన అతని ఒంటెల రంగును గురించి అడిగారు. ఎర్రనివన్నాడు. వాటిలో బూడిదరంగువి ఏవైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. అవెట్లా వచ్చాయంటే, పూర్వపు రక్తనాళమేదో లాగి ఉంటుందన్నాడు. నీ బిడ్డ విషయమూ అంతేనని ప్రవక్త (స) చెప్పి, ఆ స్త్రీపై నింద మోపడానికి అవకాశమివ్వలేదు. తల్లిదండ్రులలో కనిపించని లక్షణం పూర్వుల నుండి బిడ్డలో తిరిగి కనిపించవచ్చునన్న మాట ఒక స్త్రీ గౌరవాన్ని, ఒక శిశువు వంశాన్ని కాపాడింది. ఇది జన్యుశాస్త్ర బోధ అని చెప్పనవసరం లేదు. పశువులను పెంచేవాని స్వంత అనుభవాన్నే అతనికి సాక్ష్యంగా చూపడం జరిగింది.

గ్రీకు, భారతీయ మూలాలు

అబ్బాసీ కాలంలో బగ్దాదులో అనువాదాల యుగం ప్రారంభమయింది. హునైన్ ఇబ్ను ఇస్‌హాఖ్, ఆయన శిష్యులు హిపోక్రటీస్, గాలెన్ గ్రంథాలను అరబీలోనికి తెచ్చారు. క్రీ.శ. 850లో అలీ ఇబ్ను రబ్బన్ అత్తబరీ 'ఫిర్దౌసుల్ హిక్మహ్' పూర్తిచేసి, దాని చివరిభాగంలో చరక, సుశ్రుతాది భారతీయ వైద్యుల సిద్ధాంతాలను సంగ్రహించారు.

ఈ వారసత్వంతోపాటు పెద్ద వివాదమొకటి కూడా ముస్లిం వైద్యులకు సంక్రమించింది. బిడ్డ ఏర్పడడంలో తల్లి పాత్ర ఏమిటి? పురుషబీజమే రూపాన్నిస్తుంది, స్త్రీ కేవలం పదార్థాన్ని సమకూరుస్తుందని అరిస్టాటిల్ అభిప్రాయం. ఇరువురికీ బీజముంటుందని గాలెన్ వాదం. ఇబ్ను సీనా ఈ రెండింటి మధ్య రాజీ మార్గాన్ని వెదికారు. ఇబ్ను రుష్ద్ అరిస్టాటిల్ పక్షం వహించారు. హిజ్రీ 751లో (క్రీ.శ. 1350) మరణించిన ఇబ్ను ఖయ్యిమ్ నవజాత శిశువులను గురించి రచించిన 'తుహ్ఫతుల్ మౌదూద్'లో, బిడ్డ పోలిక తల్లినుండి కూడా రాగలదన్న హదీసులను ఆధారంగా తీసుకొని ఇరువురి బీజమూ అవసరమని వాదించారు.

ఈ తగవు తీరడానికి సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది. 1827లో కార్ల్ ఫాన్ బేయర్ క్షీరద జంతువులలో స్త్రీ అండాన్ని కనుగొన్నారు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రజీవులలో పురుష, స్త్రీ బీజాల కేంద్రకాలు ఏకం కావడాన్ని చూశారు. మానవకణంలో 46 క్రోమోసోములుంటాయని, తల్లినుండి 23, తండ్రినుండి 23 వస్తాయని 1956 నాటికి స్థిరపడింది. తల్లి కేవలం నేల, తండ్రి మాత్రమే విత్తనం అనే మాట నేటికీ మన పల్లెలలో వినబడుతుంది. ఆడపిల్లలు పుడితే తల్లినే నిందించేవారు కూడా ఉన్నారు. నిజానికి బిడ్డ మగా ఆడా అన్నది తండ్రి బీజంలోని క్రోమోసోమును బట్టి నిర్ణయమవుతుంది.

మూడు నగరాలు, మూడు గ్రంథాలు

అరీబ్ ఇబ్ను సఅద్ వైద్యుడే కాక చరిత్రకారుడు కూడా. అత్తబరీ చరిత్రను సంగ్రహించి దానికి కొనసాగింపు వ్రాసినవారు. గ్రంథప్రియుడైన ఖలీఫా రెండవ హకమ్ కొలువులో ఉంటూ హిజ్రీ 353 ప్రాంతంలో (క్రీ.శ. 964) పిండోత్పత్తి, గర్భిణుల, శిశువుల పోషణలను గురించిన గ్రంథాన్ని ఆయనకు సమర్పించారు. అందులో 15 అధ్యాయాలున్నాయి. సంతానలేమి, గర్భచిహ్నాలు, గర్భిణి ఆహారవిహారాలు, ప్రసవం, తల్లిపాలు, పళ్ళు మొలిచే కాలపు బాధలు, వయసునుబట్టి వచ్చే వ్యాధులు - ఈ క్రమంలో ఆయన బిడ్డను యౌవనం వరకు నడిపించుకొని వస్తారు. ఈ గ్రంథం 1956లో అల్జీర్సులో ఫ్రెంచి అనువాదంతోసహా అచ్చయింది.

ఖైరవాన్ వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్ జీవితం కూడా ఆయన గ్రంథాల వలెనే ఆదర్శప్రాయమైనది. రోగులనుండి తాను స్వయంగా డబ్బు తీసుకొనేవారు కాదనీ, ఇంటిముందు మందులిచ్చే పనిని ఒక సేవకునికి అప్పగించారనీ జీవితచరిత్రకారులు వ్రాశారు. పేదలు కొనగలిగిన మందులను గురించి ఆయన ఒక ప్రత్యేక పుస్తకమే రచించారు. హిజ్రీ 369 ప్రాంతంలో (క్రీ.శ. 979-80) మరణించారు. ఆయన 'సియాసతుస్ సిబ్‌యాన్'లో 22 అధ్యాయాలు. పుట్టిన బిడ్డకు స్నానం, ఊయల, నిద్ర, పాలదాది ఎంపిక మొదలుకొని చెవిపోటు, దగ్గు, వాంతులు, కడుపులో పురుగుల వరకు వివరించి, చివరి అధ్యాయాన్ని పిల్లల నడవడికకు, శిక్షణకు కేటాయించారు. బిడ్డకు మందు ఇవ్వడంతో వైద్యుని బాధ్యత తీరదని, మనసును తీర్చిదిద్దడం కూడా ఆరోగ్యరక్షణలో భాగమని ఆయన ఉద్దేశం. ఈ గ్రంథం 1968లో ట్యూనిసులో ముద్రణ పొందింది.

మూసిల్ ప్రాంతపు బలద్ నుండి ఈజిప్టు చేరిన అల్ బలదీ, ఫాతిమీ మంత్రి యాఖూబ్ ఇబ్ను కిల్లిస్ (మరణం క్రీ.శ. 991) కోసం తన గ్రంథాన్ని వ్రాశారు. అది మూడు భాగాలు: గర్భిణి, పిండం, శిశువుల సంరక్షణ, పిల్లల వ్యాధులు, చికిత్స. విషయ విస్తారంలో ఈ మూడింటిలో ఇదే పెద్దది.

వీరికి ముందు అబూ బక్ర్ అర్‌రాజీ (మరణం క్రీ.శ. 925) పిల్లల వ్యాధులపై ఒక చిన్న పుస్తకం వ్రాశారు. లాటిను, హీబ్రూ అనువాదాల ద్వారా అది నిలిచింది. ఐరోపాలో శతాబ్దాలపాటు చదువబడిన ఆ పుస్తకం, బాలవైద్యానికే ప్రత్యేకించిన రచనలలో మొదటిదిగా పరిగణించబడుతుంది.

కంటితో చూసినది, కారణంగా ఊహించినది

ఈ వైద్యుల గొప్పదనమూ వారి పరిమితీ ఒకేచోట కనిపిస్తాయి. కంటితో చూసినదాన్ని చెప్పినచోట వారు చాలావరకు సరిగా చెప్పారు. కారణం కోసం పూర్వుల సిద్ధాంతాన్ని ఆశ్రయించినచోట తరచు పొరబడ్డారు.

అర్‌రాజీ మశూచిని, తట్టును వేరువేరు వ్యాధులుగా గుర్తించి, వాటి లక్షణాలను స్పష్టంగా వివరించారు. ఆ వివరణను చదివి వైద్యులు రోగాన్ని గుర్తుపట్టగలరు. అయితే మశూచి ఎందుకు వస్తుందని ప్రశ్నిస్తే, పిల్లల లేత రక్తం కొత్త ద్రాక్షరసం వలె పొంగి పక్వమవుతుందని ఆయన సమాధానం. వ్యాధి క్రిమివల్ల సోకుతుందన్న జ్ఞానం ఇంకా 9 శతాబ్దాల దూరాన ఉన్నది.

మదీనతుజ్ జహ్రాకు చెందిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) 30 భాగాల 'అత్తస్రీఫ్' రచించారు. చివరిదైన శస్త్రచికిత్సా భాగంలో బిడ్డ అడ్డం తిరిగినప్పుడు మంత్రసాని ఏమి చేయాలో, గర్భంలోనే మరణించిన పిండాన్ని ఏ పనిముట్లతో తీసి తల్లిని కాపాడాలో బొమ్మలతోసహా వివరించారు. స్త్రీల వద్దకు పురుష వైద్యుడు పోలేని సమాజంలో, మంత్రసానికి శాస్త్రజ్ఞానం అందించాలని ఆయన తలంచారు. పిండం లోపలే మరణించి, దాని ఎముకలు చాలాకాలం తరువాత నాభివద్ద లేచిన చీముగడ్డ నుండి బయటికి వచ్చిన ఒక స్త్రీ ఉదంతాన్ని కూడా ఆయన నమోదుచేశారు. గర్భాశయం వెలుపల పెరిగిన గర్భాన్ని గురించిన తొలి వర్ణనలలో ఇది ఒకటిగా నేటి వైద్యచరిత్రకారులు భావిస్తారు.

అంతకంటే ఆశ్చర్యకరమైనది ఆయన ఒక గ్రామాన్ని గురించి వ్రాసినది. అక్కడ పురుషులకు చిన్న గాయమైనా రక్తం ఆగక మరణించేవారని, చిగుళ్ళు రుద్దుకొన్న ఒక బాలుడు రక్తస్రావంతోనే చనిపోయాడని ఆయన విన్నదీ చూసినదీ పేర్కొన్నారు. ఆ జబ్బుకు కారణం తెలియదని దాచక చెప్పారు. 1803లో ఫిలడెల్ఫియాలో జాన్ కాన్రాడ్ ఆటో ఇదే వ్యాధి గల ఒక కుటుంబపు వంశవృక్షాన్ని ప్రకటించి, వ్యాధి మగవారిలో బయటపడుతుందని, దానిని మోసి అందించేది ఆరోగ్యంగా ఉన్న స్త్రీలని చూపారు. నేడు దానిని హీమోఫిలియా అంటాము. అజ్జహ్రావీకి జన్యువు తెలియదు. కాని వ్యాధి ఒక్కొక్క మనిషికి విడిగా రాలేదని, ఒకే ఊరి మగవారిలో కనబడుతున్నదని ఆయన గుర్తించి వ్రాసిపెట్టారు.

ఇక పొరపాట్లు. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదవ నెలలో పుట్టినది బ్రతుకదు అన్న గ్రీకుల నమ్మకంపై హునైన్ ఒక ప్రత్యేక రచనే చేశారు. అరబీ వైద్యులలో పెక్కుమంది దానిని అంగీకరించారు. మన ఇళ్ళలోని పెద్దలు కూడా ఈ మాట చెప్పడం కద్దు. నిజానికి తల్లి కడుపులో గడిపే ప్రతి అదనపు వారమూ బిడ్డ బ్రతికే అవకాశాన్ని పెంచుతుంది.

మరొక పొరపాటు మరీ ప్రమాదకరమైనది. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని ఇబ్ను సీనా 'అల్ ఖానూన్'లో నొక్కి చెప్పారు. కాని ప్రసవమైన తొలిరోజులలో తల్లి శరీరం సమస్థితికి వచ్చేదాకా మరొక స్త్రీ పాలివ్వడం మేలని గ్రీకుల బాటలోనే సలహా ఇచ్చారు. ఆ తొలిరోజుల చిక్కని ముర్రుపాలలోనే బిడ్డను రోగాలనుండి కాపాడే శక్తి అధికంగా ఉన్నదని నేడు తేలింది. పుట్టిన మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డ నోట తేనెనో ఘుట్టీనో పెట్టే అలవాటు మన ప్రాంతాలలో హిందూ, ముస్లిం ఇండ్లు రెంటిలోనూ ఉండేది, పూర్తిగా పోయిందనలేము. రెండేళ్ళ వరకు పాలివ్వడాన్ని, మాన్పించవలసివస్తే తల్లిదండ్రులు పరస్పరం ఆలోచించుకొని నిర్ణయించడాన్ని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా పేర్కొన్నది. ముర్రుపాలు పారబోయుమని మాత్రం ఎక్కడా లేదు. అది ధర్మం కాదు, పాత వైద్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మధ్యయుగపు వ్యాఖ్యాతలలో కొందరు పిండాన్ని గురించిన ఆయతులను తమ కాలపు గాలెన్ సిద్ధాంతంతో జోడించి వివరించారు. సిద్ధాంతం పాతబడినప్పుడు ఆ వివరణ కూడా పాతబడింది. ఆయతు నిలిచే ఉన్నది. మన కాలపు సిద్ధాంతాలను దైవవాక్కుతో ముడివేసేవారు ఈ అనుభవాన్ని మరువరాదు.

దగ్గరి సంబంధాలు, వంశపు వ్యాధులు

వంశాన్ని గురించిన ప్రశ్న పెండ్లి వద్దకు వచ్చి నిలుస్తుంది. పినతండ్రి, మేనమామ, మేనత్తల బిడ్డలను వివాహమాడడం షరీఅత్‌లో ధర్మసమ్మతం. తెలుగుదేశంలో ఇతరులలో ఉన్న మేనమామ - మేనకోడలి వివాహాన్ని మాత్రం ఖుర్ఆన్ నిషేధించింది. ధర్మసమ్మతమైనంత మాత్రాన అన్ని వేళలా అది ఉత్తమమా అన్న చర్చ ముస్లింలలో పూర్వంనుండీ ఉన్నది. ఒక తెగవారు బలహీనపడుతున్నందున పరాయివారిలో వివాహాలు చేసుకోవలసిందిగా హజ్రత్ ఉమర్ (రజి) సలహా ఇచ్చినట్లు ఒక ఉల్లేఖనం ఉన్నది. దగ్గరి బంధువును చేసుకోవద్దు, బిడ్డ బలహీనంగా పుడుతుంది అనే వాక్యాన్ని ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో హదీసుగా ఉదహరించారు. కాని హదీసు పండితుడు ఇబ్నుస్సలాహ్ దానికి ఆధారపడదగిన మూలమేదీ తనకు దొరకలేదని స్పష్టం చేశారు. మాట మంచిదైనంత మాత్రాన దానిని ప్రవక్తకు (స) ఆపాదించరాదన్న నిజాయితీ ఆ పండితునిది. శాస్త్రంలోనూ ఈ నిజాయితీయే కావాలి.

ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు ఇటీవలి కాలంలో లభించింది. ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో పాకిస్తానీ సంతతివారు అధికంగా ఉన్నారు. అక్కడ 2007 నుండి 2011 వరకు గర్భిణులను నమోదు చేసుకొని, 13,500 మందికి పైగా శిశువులను పుట్టుకనుండి పరిశీలించే పెద్ద పరిశోధన ప్రారంభించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం పుట్టుకతో వచ్చే అవయవలోపాలు సాధారణంగా నూటికి సుమారు 3 మంది శిశువులలో ఉండగా, తల్లిదండ్రులు తోబుట్టువుల బిడ్డలైనప్పుడు అది నూటికి 6కు పెరిగింది. అంటే అపాయం రెట్టింపయింది. అయినా నూటికి 94 మంది బిడ్డలకు ఆ లోపం లేదు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పాలి. మొదటిది మాత్రమే చెప్పేవారు ఒక సమాజాన్ని అవమానిస్తారు, రెండవది మాత్రమే చెప్పేవారు తల్లిదండ్రులను మోసగిస్తారు. బాగా చదువుకొన్న తల్లుల బిడ్డలలో ఈ అపాయం సగానికి దగ్గరగా తగ్గినట్లు కూడా ఆ పరిశోధన చూపింది. ఆడపిల్ల చదువు ఆమె బిడ్డకు రక్ష అన్నమాట.

వంశపు వ్యాధులలో మన ప్రజలకు అత్యంత సన్నిహితమైనది తలసీమియా. 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ దీనిని వర్ణించారు. మధ్యధరా తీరం నుండి అరబ్బు దేశాలు, ఇరాన్, భారతదేశం మీదుగా ఆగ్నేయాసియా వరకు, మలేరియా ప్రబలిన నేలలన్నింటిలో ఇది వ్యాపించింది. ఈ జన్యువు ఒకటి ఉన్నవారికి మలేరియానుండి కొంత రక్షణ కలుగుతుందని 1949లో హాల్డేన్ ఊహించారు. తరువాతి పరిశోధనలు దానిని బలపరిచాయి. ఒక్క జన్యువు గల వ్యక్తి ఆరోగ్యంగానే ఉంటాడు, తనలో అది ఉన్న సంగతే ఎరుగడు. అట్టివారిద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ఉన్నది. ఆ బిడ్డకు కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఆ రక్తంతో చేరే ఇనుమును మందులతో తీయాలి. ఇది జీవితాంతం సాగే పరీక్ష.

ఇందుకు నివారణ పెండ్లికి ముందు చేయించుకొనే ఒక రక్తపరీక్ష. ఇరాన్ 1997లో వివాహ నమోదుకు ముందు ఈ పరీక్షను దేశవ్యాప్తం చేసింది. సౌదీ అరేబియా 2004 నుండి తప్పనిసరి చేసింది. ఫలితం ఏదైనా పెండ్లి చేసుకోవడం, మానడం వధూవరుల ఇష్టానికే వదలింది. గర్భం వచ్చిన తరువాత ఏమిటన్న కఠినమైన ప్రశ్నపై మక్కాలో రాబితా వారి ఇస్లామీ ఫిఖ్ మండలి 1990లో తీర్మానం చేసింది. విశ్వసనీయులైన నిపుణుల సంఘం పిండంలో చికిత్సలేని తీవ్రమైన వైకల్యాన్ని నిర్ధారిస్తే, 120 దినాలు నిండకముందు, తల్లిదండ్రులు కోరినపుడు గర్భస్రావానికి అనుమతి ఇచ్చింది. ఆ తరువాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప కూడదన్నది. ఫుఖహాలలో దీనిపై భేదాభిప్రాయాలున్నాయి. మాలికీ పండితులు అనేకులు మొదటినుండే కూడదంటారు. పెండ్లికి ముందే తెలుసుకొంటే ఈ సంకటమే ఉండదు. ఈ విషయంలో ఏ మజ్‌హబ్‌కూ అభ్యంతరం కనిపించదు.

హైదరాబాదు అనుబంధం

ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా స్థానముంది. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అరబీ వ్రాతప్రతులను వెలికితీసి ప్రచురించే మహాకార్యాన్ని చేపట్టింది. ఇబ్నుల్ ఖుఫ్ఫ్ శస్త్రచికిత్సా గ్రంథం 'అల్ ఉమ్‌దహ్' 1937లో ఇక్కడే అచ్చయింది. అర్‌రాజీ మహాగ్రంథం 'అల్ హావీ' అరబీమూలం 1955 నుండి సంపుటాలుగా ఇక్కడినుండే లోకానికి అందింది. అదే నగరంలో 1998లో తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ ఏర్పడి, రక్తం కోసం వచ్చే పిల్లలకు సేవ చేయసాగింది. ఒకచోట వెయ్యేళ్ళనాటి వైద్యుని మాటలు అచ్చయ్యాయి, మరొకచోట నేటి తల్లిదండ్రులు బిడ్డను ఒడిలో పెట్టుకొని రక్తపు సీసా ఖాళీ అయ్యేవరకు కూర్చుంటారు.

అరీబ్, ఇబ్నుల్ జజ్జార్, అల్ బలదీలను మనం స్మరించుకొనడం వారి ప్రతి మాటా నిజమని కాదు. వారు తల్లీబిడ్డల ప్రాణం కోసం తమకాలంలో లభించిన ఉత్తమ జ్ఞానాన్ని, అది గ్రీకులదైనా భారతీయులదైనా, సంకోచం లేకుండా స్వీకరించారు. వారి వారసులమనుకొనే వారు కూడా అదే చేయవలసియున్నది. నిఖాహ్ మాటలు మొదలైనపుడు కట్నకానుకలను గురించి వారాల తరబడి చర్చించే పెద్దలు, వధూవరుల రక్తపరీక్షకు ఒక్కపూట కేటాయించడం కష్టం కాదు. పురిటిగదిలో బిడ్డకు ముర్రుపాలు పట్టించడానికి ఖర్చు కూడా లేదు. ఖైరవాన్ వైద్యుడు పేదల కోసం మందుల పుస్తకం వ్రాసింది ఇటువంటి చౌకైన మేలు అందరికీ అందాలనే.